మోటుపల్లి రేవు, కొండవీటి గద్దె: రెడ్డిరాజుల సముద్ర వ్యాపారం, వారసత్వ పోరు

కొడుకులు లేకుండా ఎవరైనా చనిపోతే వాళ్ల ఆస్తి రాజుగారి ఖజానాకు చేరడం మధ్యయుగంలో మామూలు విషయం. దీన్ని ‘అపుత్రిక దండం’ అనేవారు. 1358లో కొండవీటి రాజు అనవోతారెడ్డి తన మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకుల విషయంలో ఈ దండాన్ని రద్దు చేస్తూ శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చిన పరాయివాడి సొత్తు వాడి వాళ్లకే చెందాలని రాతి మీద చెక్కించిన ఆ వంశం, తన గద్దె ఎవరికి చెందాలో మాత్రం తేల్చుకోలేకపోయింది. ఆ శాసనం పడిన యాభై ఏళ్లలోపే రాజ్యం రెండు ముక్కలైంది. వందేళ్లు నిండకముందే ఆ రెండు ముక్కలూ పరుల చేతికి వెళ్లిపోయాయి.

ఢిల్లీలో సివిల్స్‌కు చదివే తెలుగువాళ్లకు బేర్ సరాయ్ పుస్తకాల దుకాణాలు బాగా తెలుసు. అక్కడ చేతికందే మధ్యయుగ చరిత్ర నోట్సుల్లో మోటుపల్లి సాధారణంగా కాకతి గణపతిదేవుడి ఖాతాలో ఒక వాక్యంగా కనిపిస్తుంది. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లకు శ్రీనాథుడి పుణ్యమా అని రెడ్డిరాజులు కొంచెం ఎక్కువగా తగులుతారు. రేవు ఒక పేపర్లో, రాజులు ఇంకో పేపర్లో ఉండటం వల్ల ఈ రెండింటికీ ఉన్న ముడి ఎవరి కంటా పడదు. ఈ వ్యాసం ఆ ముడి గురించే.

కథ మొదలయ్యేది కూడా ఒక రకంగా ఢిల్లీలోనే. బేర్ సరాయ్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో బిజయ్ మండల్ శిథిలాలున్నాయి. మహమ్మద్ బిన్ తుగ్లక్ కట్టించిన జహాపనా నగరంలోని రాజప్రాసాదం అది. సుల్తాను కాకముందు, ఉలుగ్ ఖాన్ అనే పేరుతో 1323లో ఓరుగల్లును పట్టుకున్నది ఆయనే. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు దారిలో నర్మద ఒడ్డున మరణించాడు. కాకతీయ రాజ్యం కూలాక ఏర్పడిన ఖాళీలో ముసునూరి నాయకులు ఓరుగల్లు వైపు, పంట రెడ్లు తీరం వైపు నిలదొక్కుకున్నారు.

రేవు కాకతీయులది, నియమాలూ వాళ్లవే

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. అక్కడి వీరభద్రాలయం దగ్గర గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. దాని సారాంశం ఇది. తుపానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారు. ఇకమీదట అలా జరగదు. నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులదే. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాళ్లకు ధనం ప్రాణం కన్నా ఎక్కువని శాసనమే కారణం చెబుతుంది. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒక వంతు. ఆ తర్వాత సరుకుల పట్టిక వస్తుంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు ఇలా సాగుతుంది.

ఇందులో దయ ఎంత, లెక్క ఎంత అని విడదీయాల్సిన పని లేదు. తుపానులు తరచూ కొట్టే తీరం ఇది. ఓడ మునిగితే సరుకు రాజుకు పోతుందని తెలిసినవాడు అసలు ఈ తీరానికే రాడు. ఒక్కసారి దోచుకుంటే వచ్చేదాని కన్నా ఏటా ముప్పైలో ఒక వంతు ఎక్కువని గణపతిదేవుడి మంత్రులకు అర్థమైంది.

మార్కోపోలో తన యాత్రా కథనంలో ‘ముత్ఫిలి’ అని రాసింది ఈ మోటుపల్లినే. అక్కడి వజ్రాలను, సాలెగూడులా పలుచనైన నూలు బట్టలను ఆయన పొగిడాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని కూడా రాశాడు. ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. నిజానికి రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. కొడుకు లేని రాజు కూతురికి పట్టం కట్టడం ఒక బయటి యాత్రికుడి ఊహకు అందలేదన్నమాట. ఊళ్లో ఉన్న సామంతుల్లో కూడా అందరికీ అది మింగుడు పడలేదు. కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు దాకా వచ్చింది ఆ వ్యవహారం. చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమ 1289లో మరణించింది.

అన్నదమ్ముల రాజ్యం

రెడ్డి రాజ్యాన్ని నిలబెట్టినవాడు ప్రోలయ వేమారెడ్డి. రాజధాని అద్దంకి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినవాడిగా, ఎర్రన చేత హరివంశం అంకితం పుచ్చుకున్నవాడిగా ఆయన మనకు తెలుసు. అయితే సేనలను నడిపింది చాలావరకు తమ్ముడు మల్లారెడ్డి. మోటుపల్లిని రెడ్ల చేతికి తెచ్చిన ఘనత కూడా అతనిదే. ఇంకో సోదరుడు మాచారెడ్డి. ఈ మాచారెడ్డి పేరు గుర్తుంచుకోవాలి. తర్వాతి కథంతా అతని మనవడిదే.

ఇది ఒక్క రాజు కట్టిన రాజ్యం కాదు, అన్నదమ్ములంతా కలిసి కత్తి పట్టి సంపాదించుకున్నది. ఇలాంటి చోట ‘గద్దె రాజుగారి పెద్దకొడుకుది’ అనే సూత్రం కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద ఉండదు. తాత సంపాదించినదాంట్లో మా తాత కత్తి కూడా ఉందని దాయాది అడిగితే జవాబు చెప్పడం కష్టం. కొండవీటి చరిత్రలో మూడో తరానికల్లా ఈ ప్రశ్న వచ్చి కూర్చుంది.

వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీటి దుర్గానికి మార్చాడు. 1358 నాటి మోటుపల్లి శాసనం ఆయనదే. సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలోనూ దాన్ని రాయించారు. ఎవరు చదవాలని కోరుకున్నారో భాషలే చెబుతున్నాయి. గణపతిదేవుడి కాలంలోనే మోటుపల్లికి దేశియుయ్యకొండపట్టణం అనే తమిళ వాసన ఉన్న రెండో పేరు ఉంది. తమిళ వర్తకులు ఈ రేవుకు కొత్తవాళ్లేమీ కాదు.

ఆ శాసనం గణపతిదేవుడి అభయాన్ని దాటి ముందుకు వెళ్లింది. మోటుపల్లిలో స్థిరపడేందుకు వచ్చే వర్తకులకు గౌరవం చూపి భూములిస్తాం. వేరే చోటికి వెళ్లిపోతామంటే అడ్డుపెట్టం. తెచ్చిన సరుకు ఇష్టమైనవాళ్లకు అమ్ముకోవచ్చు, ఇష్టమైన సరుకు కొనుక్కుపోవచ్చు. వాళ్ల బట్టలు బలవంతంగా తీసుకోం. బంగారం మీద సుంకం తీసేశాం. గంధం మీద మూడో వంతు తగ్గించాం. అపుత్రిక దండం లేదు. ఇదీ వరస.

ఒక్కో హామీ వెనక ఒక్కో పాత బాధ దాక్కుని ఉంది. ‘బలవంతంగా తీసుకోం’ అని రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎవరో తీసుకున్నారు. ‘వెళ్తామంటే ఆపం’ అన్నారంటే ఎక్కడో ఆపారు. శాసనాలను ఇలా వెనక నుంచి చదివితే రాజుల ఔదార్యం కన్నా వర్తకుల ఫిర్యాదులు ఎక్కువ వినపడతాయి.

వీటన్నిట్లోకీ అపుత్రిక దండం రద్దే పెద్ద మాట అని నాకనిపిస్తుంది. దూరదేశం నుంచి వచ్చిన వర్తకుడి దగ్గరున్న సరుకంతా అతనిదే అయి ఉండదు. ఊళ్లో భాగస్వాముల పెట్టుబడి ఉంటుంది, అప్పు ఉంటుంది, బంధువుల సొమ్ము ఉంటుంది. గాలి మళ్లేదాకా నెలల తరబడి పరాయి రేవులో కాచుకు కూర్చోవాలి. ఆ మధ్యలో జ్వరం వచ్చి పోతే? పక్కన కొడుకు లేడని రాజు భటులు కొట్టుకు తాళం వేస్తే నష్టపోయేది పోయినవాడు కాదు, వెనక ఉన్న పది మంది. ఆ భయం తీరితేనే పెద్ద పెట్టుబడి సముద్రం ఎక్కుతుంది. గంధం మీద తగ్గిన సుంకం లాభాన్ని పెంచుతుంది. ఈ హామీ అసలుకే కాపలా కాస్తుంది.

అవచి తిప్పయ అంగడి

అనవోతారెడ్డి తర్వాత 1364 ప్రాంతంలో తమ్ముడు అనవేమారెడ్డి గద్దెనెక్కాడు. అనవోతారెడ్డి కొడుకు కుమారగిరి అప్పటికి చిన్నవాడు. చిన్నపిల్లవాడి బదులు బాబాయి ఏలడం ఆ రోజుల్లో వింత కాదు. అనవేముడు సమర్థుడు కూడా. శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించింది (1377) ఆయనే. గొడవ ఆయన పోయిన తర్వాత వచ్చింది. 1386లో గద్దె మళ్లీ అన్న కొడుక్కి రావాలా, లేక వేరే దాయాదికి పోవాలా? కుమారగిరికే వచ్చింది. కానీ అతని బలం అతనిది కాదు, చెల్లెలు మల్లాంబ భర్త కాటయవేముడిది. ఈ బావగారు సేనాని, మంత్రి, దానికి తోడు కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్యానం రాసిన పండితుడు. ఆ వ్యాఖ్యలకు బావమరిది పేరు మీద ‘కుమారగిరిరాజీయం’ అని పేరు పెట్టాడు.

బావ రాజ్యం చూసుకుంటుంటే కుమారగిరి వసంతోత్సవాలు చేశాడు. ‘కర్పూర వసంతరాయలు’ అనే బిరుదు ఊరికే రాలేదు. ఏటా జరిగే ఆ ఉత్సవంలో కర్పూరం, కస్తూరి, కుంకుమపువ్వు, పన్నీరు, గంధం ధారాళంగా చల్లేవారు. నాట్యకత్తె లకుమాదేవి పేరు ఈ ఉత్సవాలతో ముడిపడి ఉంది. సి. నారాయణరెడ్డి కావ్యం చదివినవాళ్లకు ఈ భాగం చెప్పనక్కర్లేదు. నాట్యం మీద ‘వసంతరాజీయం’ అనే గ్రంథం కుమారగిరి రాశాడంటారు.

అన్ని సుగంధద్రవ్యాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ ప్రశ్నకు జవాబు శాసనంలో కాకుండా ఒక కావ్యం పీఠికలో దొరుకుతుంది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి. కుమారగిరి వసంతోత్సవాలకు సుగంధాలు సరఫరా చేసింది ఇతనే. తిప్పయ ఏ దేశం నుంచి ఏం తెప్పించేవాడో శ్రీనాథుడు వరసగా చెప్పుకొచ్చాడు. పంజార నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, భోట నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టుబట్టలు. హురుమంజి అంటే పర్షియా సింధుశాఖ ముఖంలోని హోర్ముజ్. పంజార అన్నది సుమత్రాలో మేలైన కర్పూరానికి పేరుపడ్డ ఫన్సూర్ అని పండితుల ఊహ. తరుణాసీరి, తవాయి అనే పేర్లు ఇంకో చోట వస్తాయి. ఇవి ఇప్పటి మయన్మార్ దక్షిణ తీరంలోని తెనాసెరిం, తవోయ్. కప్పలి, జోంగు, వల్లి అంటూ ఓడల రకాలు కూడా చెప్పాడు. జోంగు అంటే మలయా, చీనా సముద్రాల్లో తిరిగే జంక్ ఓడ.

కవి పొగడ్తను కస్టమ్స్ రికార్డులా చదవకూడదన్న జాగ్రత్త అవసరమే. అయినా ఒక సంగతి గమనించాలి. ఇంత దూరపు రేవుల పేర్లు, ఓడల పేర్లు ఛందస్సులో ఒదిగిపోయేంత మామూలుగా ఒక తెలుగు కవి నోట పలికాయి. అంటే వినేవాళ్లకు అవి తెలిసిన మాటలే అయివుండాలి. మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డి రాజ్యాల చరిత్ర రాసేటప్పుడు శాసనాలతో పాటు కావ్య పీఠికలనూ ఆధారాలుగా తీసుకున్నది ఇందుకే.

ఇంకో విషయం. తిప్పయ సరుకు కొన్నది ఒక్క కొండవీడే కాదు. విజయనగరపు హరిహరరాయలు, బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కూడా అతని ఖాతాదారులుగా ఆ పీఠికలో కనిపిస్తారు. ఒకరి మీద ఒకరు కత్తి దూసుకునే రాజులు ముగ్గురికీ కస్తూరి ఒకే అంగడి నుంచి వెళ్లేది. రాజుల వారసత్వం ఎటు పోయినా తిప్పయ నష్టపోకుండా ఉండటానికి ఇదే కిటుకు.

ఆడపడుచు వాటా, దాయాది వాటా

కుమారగిరికి అనవోతుడనే కొడుకు ఉన్నాడు. యువరాజు అనిపించుకున్న ఆ కుర్రవాడు తండ్రి బతికుండగానే చనిపోయాడు. దీంతో అంతా తారుమారైంది. అప్పటికే కుమారగిరి గోదావరి వైపు రాజ్యాన్ని, రాజమహేంద్రవరంతో సహా, కాటయవేముడికి ఇచ్చేశాడు. బావగారు చేసిన సేవకు ప్రతిఫలంగా చూస్తే ఇది న్యాయమే. దాయాదుల కళ్లతో చూస్తే తాతలు సంపాదించిన భూమి ఆడపడుచు కాపురానికి పోయింది.

మాచారెడ్డి మనవడు పెదకోమటి వేమారెడ్డి ఇక ఆగలేదు. 1402 ప్రాంతంలో కుమారగిరి కథ ముగిసేసరికి కొండవీడు అతని చేతిలో ఉంది. కాటయవేముడు అతన్ని రాజుగా ఒప్పుకోకుండా రాజమహేంద్రవరం నుంచి వేరే రాజ్యంగా నిలబడ్డాడు. అక్కడి నుంచి రెండు దశాబ్దాలు ఒకే ఇంటివాళ్ల మధ్య యుద్ధం. బయటివాళ్లు ఊరుకుంటారా? రాజమహేంద్రవరం వెనక విజయనగరం నిలిస్తే, కొండవీడు ఒక దశలో బహమనీల వైపు మొగ్గింది.

కాటయవేముడు 1414 ప్రాంతంలో పోయాడు. కొడుకు కొద్దికాలమే బతికాడు. మిగిలింది కూతురు అనితల్లి. రుద్రమ తర్వాత నూట ఇరవై ఏళ్లకు తెలుగు తీరంలో మళ్లీ ఒక కూతురి పేరు మీద రాజ్యం నడిచింది. నడిపినవాడు కాటయవేముడి నమ్మకస్తుడు అల్లాడ రెడ్డి. తన కొడుకు వీరభద్రారెడ్డికి ఆమెనిచ్చి పెళ్లి చేసుకున్నాడు. అల్లాడ రెడ్డిది నమ్మకమా, ఎత్తుగడా అని వాదించుకోవచ్చు. రెండూ అయివుండొచ్చు. 1423లో అనితల్లి ఇచ్చిన కలువచేరు తామ్రశాసనం మాత్రం చాలా విలువైనది. కాకతీయుల పతనం తర్వాత ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు తెలుగు నేలను ఎలా నిలబెట్టారో, కాపయ తర్వాత డెబ్బై అయిదుగురు నాయకులు ఎవరి చోట్లకు వాళ్లు ఎలా వెళ్లిపోయారో చెప్పే ముఖ్య ఆధారాల్లో అదొకటి. తన హక్కు మీదే ప్రశ్నలున్న ఒక రాణి, తన దానపత్రంలో నూరేళ్ల చరిత్రను ఎందుకు చెప్పించుకుందో ఊహించవచ్చు.

రాజమహేంద్రవరం కొలువులో బెండపూడి అన్నయ మంత్రి గురించి ఒక్క మాట. భీమేశ్వర పురాణం అంకితం పుచ్చుకున్న ఈయనకు అరబ్బీ, తురుష్క భాషలతో సహా ఎన్నో భాషలు వచ్చని శ్రీనాథుడు రాశాడు. సముద్రం వైపు ముఖం ఉన్న రాజ్యానికి అలాంటి మంత్రి అలంకారం కాదు, అవసరం.

జపాన్‌లో ఒక పోలిక

ఇదే కాలంలో జపాన్ పడమటి కొసన ఔచి అనే యోధుల వంశం ఇంచుమించు ఇదే బతుకు బతికింది. (అవచి తిప్పయకు దగ్గరగా వినపడుతుంది గానీ సంబంధమేమీ లేదు.) యమగుచి రాజధానిగా కన్మోన్ జలసంధిని గుప్పిట్లో పెట్టుకుని, కొరియాతో, మింగ్ చీనాతో వ్యాపారం మీద ఆ వంశం ఎదిగింది. 1399లో దాని అధిపతి యొషిహిరో షోగున్ మీద తిరగబడి సకాయ్ రేవు పట్టణంలో చనిపోయాడు. వెంటనే తమ్ముళ్ల మధ్య వారసత్వ యుద్ధం. 1523లో ఔచి, హొసొకవ వంశాల వర్తక బృందాలు చీనాలోని నింగ్బో రేవులో ‘అసలైన ప్రతినిధులం మేమే’ అని కొట్టుకుని ఊరు తగలబెట్టాయి. 1551లో సామంతుడి తిరుగుబాటుకు అధిపతి యొషితక బలయ్యాడు. మింగ్ దర్బారుతో జపాన్ అధికారిక వర్తకం దాంతోనే ముగిసిపోయింది.

పోలిక ఎంత దగ్గరగా ఉన్నా, తేడా ముఖ్యం. మింగ్ చక్రవర్తి ఇచ్చే అనుమతి పత్రం ఉంటేనే ఔచి ఓడలకు వ్యాపారం. ఆ పత్రం వంశం ఆస్తి. వంశం కూలితే వ్యాపారం కూలింది. మోటుపల్లిలో హక్కు వర్తకుడి చేతికే ఇచ్చారు. ఉండమంటే ఉంటాడు, పొమ్మనకుండానే పోగలడు. దీనివల్ల వర్తకుడు బతికాడు. రేవుకు మాత్రం ఆ స్వేచ్ఛే ముప్పు. వెళ్లాలనుకున్నవాడిని ఆపం అని రాసిచ్చిన రాజు మనవలు కొట్టుకుంటుంటే, ఓడలు ఇంకో రేవు వెతుక్కోవడానికి ఏ అడ్డూ లేదు.

పురిటి సుంకం

పెదకోమటి వేముడిని చెడ్డ రాజుగా చూపడం న్యాయం కాదు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఆయన కొలువులోనే. ఆయన స్వయంగా సాహిత్యచింతామణి కర్త. రాణి సూరాంబ ఫిరంగిపురం దగ్గర 1409లో చెరువు తవ్వించి దానికి సంతానసాగరమని పేరు పెట్టింది. చెరువును కూడా బిడ్డల లెక్కలో వేసుకునే సప్తసంతానాల సంప్రదాయం మనది. కానీ చెరువు గద్దెనెక్కదు కదా. 1420 ప్రాంతంలో రాచకొండ వెలమలతో పోరులో వేముడు పోయాక కొడుకు రాచవేమారెడ్డి రాజయ్యాడు. తండ్రి కాలంలో ఆ చెరువుకు కాలువ తవ్వించి మంచి పేరు తెచ్చుకున్నవాడే, గద్దెనెక్కాక ప్రజలకు భారమయ్యాడు.

స్థానిక కైఫీయతుల కథ ప్రకారం ఇతను పురిటి సుంకం వేశాడు. ఇంట్లో బిడ్డ పుడితే రాజుకు పన్ను కట్టాలి. సవరం ఎల్లయ అనే వ్యక్తి కట్టనని ఎదురుతిరిగి రాజునే పొడిచి చంపాడంటారు. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్డి రాజ్యం ఇలా ముగిసింది. ఈ కథలో అక్షరాలా ఎంత నిజమో చెప్పే సమకాలీన శాసనం లేదు. యుద్ధాలతో ఎండిపోయిన ఖజానా, రేవు దగ్గర రాని సొమ్మును ఇంటి గడప దగ్గర వెతుక్కుందని మాత్రం జనం గుర్తుపెట్టుకున్నారు. బిడ్డలు లేనివాడి మీద పన్ను తీసేసిన వంశం, అరవై ఏడేళ్లు తిరక్కుండా బిడ్డ పుట్టినవాడి మీద పన్ను వేసిందన్నది ఆ జ్ఞాపకం.

కొండవీడు విజయనగరం చేతికి, తర్వాత 1454 నాటికి గజపతుల చేతికి పోయింది. రాజమహేంద్రవరం అంతకు కొన్నేళ్ల ముందే కపిలేంద్ర గజపతి వశమైంది. సముద్ర వ్యాపారం ఆగలేదు గానీ రేవు మారింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి ఓడలు మచిలీపట్నంలో లంగరు వేశాయి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు కొఠీ పెట్టుకోవడానికి వచ్చింది అక్కడికే. మోటుపల్లిలో ఇవాళ చూడటానికి మిగిలినవి గుళ్లు, ఆ శాసనాలే.